పెంకుల కింద సందు

ఎమ్మెల్యే కారు దిగి మా వీధిలో నడిచి వస్తున్నాడని వినగానే నేను కుట్టు మిషను ఆపి, ముందు అరుగు మీద ఆరేసిన బట్టలన్నీ లోపలికి తెచ్చుకున్నాను. మా ఇంట్లో అందరూ నాకు అనుమానం జబ్బు అంటారు. జబ్బు కాదు, జాగ్రత్త. ఎన్నికలు ఎక్కడో ఉన్నాయి. నడి వేసవి, నెత్తి మాడే ఎండ. అలాంటప్పుడు ఒక ఎమ్మెల్యే ఇల్లిల్లూ తిరుగుతున్నాడంటే ఊరికే తిరగడు కదా!

మా ఊరు చీపురుపల్లి పోయే రోడ్డు మీద ఉంది. మొన్నమొన్నటిదాకా పంచాయతీ. మునిసిపాలిటీ చేశాక కుళాయిలో నీళ్ళు పెరగలేదు, వీధిలో దీపాలు పెరగలేదు, ఇంటి పన్ను మాత్రం మూడింతలైంది. జనం ఎక్కడ కూర్చున్నా అవే తిట్లు. ఆ తిట్లు మా ఎమ్మెల్యే రమేష్‌బాబు గారి చెవిన పడ్డాయి. పన్ను తగ్గించమని అసెంబ్లీలో గట్టిగా అడిగాడట. ఆ అడిగిన సంగతి మాకు చెప్పడానికే ఈ తిరుగుడు.

మాది పెద్ద పెంకుటిల్లు. మా మావగారు మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసిన రోజుల్లో కట్టించారు. ముందు పొడుగాటి అరుగు, లోపల పెద్ద నడిగది, అటొక గది, ఇటొక గది, వెనక వంటిల్లు. ఒక గదిలో నేనూ మా ఆయన పాల్. ఆయన ఆర్టీసీ కండక్టరు. రెండో గదిలో మా మరిది బెన్హర్, వాడి పెళ్ళాం షీబా. బెన్హర్‌కి సరుకులు తోలే ఆటో ఉంది. షీబా కొత్తవలస పిల్ల, వచ్చి ఇంకా రెండేళ్ళు నిండలేదు. నడిగదిలో ఓ మూల నా మిషను, ఓ మూల మా అత్త మంచం. అత్త పేరు బేబీ. డెబ్భై దాటినా బేబీయే. పుట్టినప్పుడు మిషన్ ఆసుపత్రి దొరసాని పెట్టిన పేరట.

రమేష్‌బాబు గారు వచ్చి అరుగు మీద అత్త కుర్చీలోనే కూర్చున్నాడు. మజ్జిగ ఇచ్చాను, గటగటా తాగాడు.

"అమ్మా, పన్ను ఎక్కువైపోనాదని అందరూ ఏడుస్తన్నారు. సిన్న ఇళ్ళకి నామకార్థం పన్ను సేయించీ పూచీ నాది. నువ్వు మాత్రం నా కోసం ప్రార్థన సెయ్యాల," అన్నాడు అత్త చేతులు పట్టుకుని.

మా వాళ్ళ బలహీనత అదే. ప్రార్థన చెయ్యమని ఎవరడిగినా కాదనలేరు. అడిగినవాడు మంచోడా చెడ్డోడా అని కూడా చూడరు. అత్త తలమీద కొంగు వేసుకుంది. అందరం తలలు వంచాం. అత్త ప్రార్థన పొట్టిది కాదు. పంటలు, వానలు, పోలీసులు, ఆసుపత్రిలో ఉన్నవాళ్ళు, రైలు నడిపేవాళ్ళు, అందరూ అయ్యాకగానీ ఎమ్మెల్యే దగ్గరికి రాదు.

నేను ఒక కన్ను సగం తెరిచాను. ఆయన మనిషి చినబాబు మా తలుపు మీద ఎమ్మెల్యే మొహం ఉన్న స్టిక్కరు అతికించేస్తున్నాడు. ఇంకొకడు ఫొటోలు తీస్తున్నాడు. కళ్ళు తెరిచినదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను. షీబా కూడా తెరిచే ఉంది. ఎమ్మెల్యేని చూడటం లేదు, ఫొటోవాణ్ణీ చూడటం లేదు. తన గదికి వీధివైపున్న కిటికీని చూస్తోంది.

అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నది రమేష్‌బాబు గారే.

మర్నాటికి ఆ ఫొటో ఊళ్ళో అందరి ఫోన్లలోనూ ఉంది. ఆయన దర్జాగా కుర్చీలో, మేమంతా ఆయన ముందు తలలు వంచుకుని. కింద రాత: ‘పన్ను ఊరటకు కృతజ్ఞతగా తలవంచిన కుటుంబం’. ఒళ్ళు మండిపోయింది నాకు. అత్త మాత్రం, "పోనీలే, దేవుడికి తెలుసు మనం ఎవులికి వంచినామో," అంది.

వారం తిరక్కుండానే చినబాబు మళ్ళీ వచ్చాడు. ఈసారి ఎమ్మెల్యే లేడు.

"పాల్ బావా, పని అయిపోనాది. సిన్న ఇళ్ళకి పన్ను తగ్గించీసినారు. కానీ మీ ఇల్లు కొలతకి మించిపోతన్నాది."

"అయితే మాకు నేదన్నమాట," అన్నాడు మా ఆయన.

"ఉండు, సెప్పనీ. మీరు అన్నదమ్ములిద్దరు. మజ్జిన గోడ, రెండు పొయ్యిలు, వీధిలోకి రెండు తలుపులు. ఒక ఇల్లు రెండయిపోతాది. రెండూ సిన్నవే. వీధంతా అదే సేస్తన్నారు. సర్వే అయిపోనాక మీ గోడ మీరు పడగొట్టుకోండి, ఎవుడొద్దన్నాడు?"

"రెండో తలుపు ఎలగ పెడతాం?" అన్నాడు మా ఆయన.

"ఆ కిటికీ ఉన్నాది కదా. అది కోస్తే తలుపే," అన్నాడు బెన్హర్ తడుముకోకుండా.

నేను షీబా మొహం చూశాను. కళ్ళు మూసుకోవలసిన వేళ కిటికీని చూసిన మొహం అది. అప్పటికింకా గోడ ఊసే లేదు. మరి ముందే ఎలా తెలిసింది? ఎన్నాళ్ళ నుంచి అనుకుంటున్నారో మొగుడూ పెళ్ళాలు!

"నువ్వేటంటావే?" అని దాన్నే అడిగాను.

"నాకెలగయినా పర్వానేదక్కా," అంది.

పర్వాలేదనేవాళ్ళనే నేను నమ్మను. కావాలంటే కావాలనాలి, వద్దంటే వద్దనాలి.

అత్త అంతా విని, "మరి నా మంచం ఎటేపురా?" అంది.

"ఎటేపయితే ఏటమ్మా, నాల్రోజుల బాగోతానికి!" అని నవ్వేశాడు మా ఆయన. మంచం మా వైపుకి వచ్చింది. పెద్దకొడుకు కదా అని ఎవరూ అనలేదు, అనకుండానే అలా జరిగిపోయింది. నాకు లోపల సంతోషంగానే అనిపించింది.

తాపీమేస్త్రి కొండబాబు ఇటుకలు మట్టితో పేర్చాడు. "సిమెంటు ఎయ్యను వదినా. పనైపోనాక ఇద్దరు నిలబడి తోసీసినా పడిపోతాది," అన్నాడు. గోడ మనిషి ఎత్తు దాటి ఆగింది. పెంకుటిళ్ళలో లోపలి గోడ ఏదీ కప్పుకి తగలదు. పైన సందు ఉండాలి, గాలాడాలి. ఈ గోడకీ అలాగే పైన మూర పైచిలుకు సందు మిగిలింది.

ఆ సందులోంచి సంసారం ఎప్పట్లాగే సాగింది. మా ఇంట్లో రోజూ దీపాలవేళ కుటుంబ ప్రార్థన ఉంటుంది. అత్త కీర్తన ఎత్తుకుంటుంది. మొదటి పాదం ఆవిడది. రెండో పాదం కోడలు అందుకోవాలి, అది మా మావగారు పెట్టిన పద్ధతి. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఆ రెండో పాదం నాది. షీబా వచ్చాక దాని గొంతు విని, చర్చి క్వయర్‌లో పాడిన గొంతు కదా, "నువ్వే ఎత్తుకోవే, బాగున్నాది," అన్నాను. అన్నానే అనుకోండి, నిజంగా ఎత్తేసుకోవాలా? ఒకసారి "నువ్వు పాడక్కా" అనకూడదా? అనలేదు. గోడ లేచాక కూడా అత్త ఇటునుంచి మొదటి పాదం పాడి ఆగితే, అటునుంచి గోడ మీదుగా షీబా అందుకునేది. నేను మూడో పాదం నుంచీ అందరితో పాటు కలిసేదాన్ని.

ఒకరోజు గోడ మీద షీబా తల కనిపించింది. స్టూలు ఎక్కి గిన్నె అందిస్తోంది.

"అక్కా, మామిడికాయేసి నెత్తళ్ళ సేపలు ఒండినాను. అత్తకి ఇష్టం కదా."

సర్వే కోసం అని అది కొత్త గ్యాసు పొయ్యి కొంది. సర్వేకి ఎవరిదో పాత పొయ్యి తెచ్చి పెడితే సరిపోదా? కొన్నది సరే, మూడు పూటలా దాని మీదే వండాలా? ఇప్పుడు ఈ గిన్నె ఒకటి. నా కూర కంటే తన కూర బాగుందని అత్తకి తెలియాలనే కదా! తిని చూశాను. బాగుంది. "ఇంకాస్త పులుపు ఉండాల," అన్నాను పైకి, గిన్నె అడుగు ఊడ్చి తింటూ.

అత్త పొద్దున్నే అరుగు మీదుగా అటు వెళ్ళి కాసేపు కూర్చుని వచ్చేది. రాగానే నేను మిషను ఆపేదాన్ని.

"ఏటొండింది అత్తా?"

"పప్పు."

"నా ఊసు ఏటైనా ఎత్తిందా?"

"నేదు."

"నా ఊసు ఎత్తకుండా అంతసేపు ఏటి మాటాడినారు?"

"ఏటీ మాటాడనేదే. ఆ పిల్ల సిక్కుడుకాయలు తుంచింది. నేనూ తుంచినాను."

"బెన్హర్ ఉన్నాడా? గోడ సంగతేటన్నాడు?"

అత్త కళ్ళజోడు వెతుక్కునేది. ఏదో దాస్తోందని నాకు గట్టి అనుమానం. మర్నాడు ఇంకో రెండు ప్రశ్నలు ఎక్కువ అడిగేదాన్ని.

సర్వేకి వార్డు సచివాలయం నుంచి యమున అనే అమ్మాయి వచ్చింది. రెండు తలుపులు చూసింది, రెండు పొయ్యిలు చూసింది. తల పైకెత్తి సందు చూసింది.

"పైన ఖాళీ ఉన్నాది కదండీ. రెండిళ్ళంటే కప్పుదాకా గోడుండాల. ఫొటోలో కనిపించీస్తాది."

"పెంకుటింట్లో ఏ గోడ కప్పుకి తగుల్తాదే తల్లీ? మీ ఇంట్లో తగుల్తాదా?" అన్నాను.

"తగలదండీ. మాదీ పెంకుటిల్లే," అంది ఆ పిల్ల పాపం, మొహం చిన్నబుచ్చుకుని. "కానీ ఫొటో ఎల్లేది పై ఆఫీసుకి, నా కాడికి కాదు కదండీ."

చినబాబు వెనకే ఉన్నాడు. "ఆదివారం ఎమ్మెల్యే సార్ వస్తన్నారు. ఈలోగా మూసీండి బావా. ఇంత సేసి సందు కాడ ఆగిపోతారేటి?"

శనివారం బెన్హర్ ఆటోలో సిమెంటు బస్తా దిగింది. మిషను ఆపి బయటికి వెళ్ళాను.

"మట్టి సాలదేటి? సిమెంటు ఎవులు తెమ్మన్నారు?"

"పైన మట్టి నిలవదంట వదినా. కొండబాబు సెప్పినాడు."

"కొండబాబు సెప్పినాడో, ఇంకెవులు సెప్పినారో! సిమెంటంటే ఎల్లకాలానికే కదా!"

షీబా తన గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడూ తల ఎత్తి మాట్లాడని పిల్ల, ఆరోజు నా కళ్ళల్లోకి చూసింది.

"అక్కా, నీకు నామీద ఏటనుమానమో సూటిగా అడిగీ. నేను సెప్తాను."

అడిగేయొచ్చు. ఆ కిటికీని ఎందుకు చూశావే అని ఒక్క మాట. నోటిదాకా వచ్చింది.

"నాకేటి అనుమానం? నాకే అనుమానమూ నేదు," అన్నాను.

"నీకా! అనుమానం నేదా!" అని పకపకా నవ్వాడు మా ఆయన. ఇంకెవరూ నవ్వలేదు.

కొండబాబు పని మొదలుపెట్టేసరికి పొద్దు వాలింది. సందు కొద్ది కొద్దిగా మూసుకుంటూ వస్తోంది. దీపాలవేళ అయింది. పని జరుగుతోంది కదా, ఈ పూటకి అత్త ప్రార్థన ఆపుతుందేమో అనుకున్నాను. అత్త ఆపలేదు. ఇటుకల పొడి రాలుతుంటే కొంగుతో మొహం తుడుచుకుంటూ మొదటి పాదం పాడి ఆగింది. అటునుంచి షీబా అందుకుంది. కొండబాబు ఇటుక పెట్టాడు, సిమెంటు పూశాడు, ఇంకో ఇటుక పెట్టాడు. షీబా పాడుతూనే ఉండి ఉంటుంది. మాకు వినపడటం మానేసింది. అత్త కాసేపు గోడవైపు చూసి, మూడో పాదం తనే పాడింది. నేను గొంతు కలిపాను.

"గాలి ఆడదే ఇక్కడ," అంది అత్త ప్రార్థన అయ్యాక. "నా మంచం అరుగు మీద ఏయించు." వేయించాను.

మర్నాడు రమేష్‌బాబు గారు పెద్ద మందితో వచ్చాడు. మైకు కూడా ఉంది.

"నేను మొదటిసారి ఈ వీధికి వచ్చినప్పుడు ఎన్ని ఇళ్ళున్నాయో, ఇవాళ దానికి రెట్టింపు ఇళ్ళకి పన్ను తగ్గించాం!" అన్నాడు.

జనం చప్పట్లు కొట్టారు. నడిమధ్యలో గోడలు పెట్టుకుంటే రెట్టింపు అవక ఏమవుతాయి! ఆయనకి గోడల సంగతి తెలుసా, తెలీదా అని మొహంలోకి పరీక్షగా చూశాను. ఏమీ తెలియలేదు. అలాంటి మొహాలే గెలుస్తాయి కాబోలు.

చినబాబు కిటికీ కోసి పెట్టిన కొత్త తలుపు మీద ఇంకో స్టిక్కరు అతికించాడు. ఫొటోవాడు అత్తని ఏదో ఒక గుమ్మంలోకి జరగమన్నాడు. అత్త రెండు తలుపులకీ మధ్యన కుర్చీ వేసుకుని కూర్చుంది, జరగలేదు.

"అమ్మా, మరి నీది ఏ ఇల్లు? ఇదా, అదా?" అన్నాడు ఎమ్మెల్యే నవ్వుతూ.

"రెండూ నాయే బాబూ. మా ఆయన కట్టినది ఒకటే."

చినబాబు దగ్గాడు. యమున నేల చూపులు చూసింది. రమేష్‌బాబు గారు మాత్రం తడబడలేదు. "తల్లి కదా, అందరూ కావాల!" అని, అత్త చేతులు పట్టుకున్నాడు. "నా కోసం మళ్ళీ ఓసారి ప్రార్థన సెయ్యమ్మా."

ఫొటోవాడు సిద్ధమయ్యాడు. మేం అలవాటుగా తలలు వంచాం.

"మొన్న సేసినాను కదా బాబూ," అంది అత్త. "అది సాలు."

చేతులు మెల్లిగా వెనక్కి తీసుకుంది. ప్రార్థన అడిగితే అత్త కాదనడం నేను అంతవరకూ చూడలేదు. ఎమ్మెల్యే మీద గెలిచినట్టు నాకు సంతోషం వేయాలి. వేయలేదు. ఎందుకో భయం వేసింది.

పన్ను తగ్గింది. ఆ మాట నిజమే, ఆయన చెప్పినట్టే తగ్గింది. కొండబాబు ఒకసారి అరుగు దగ్గర ఆగి, "పడగొట్టీమంటారేటి వదినా?" అని అడిగాడు. మళ్ళీ చూడటానికి వస్తారు, ముట్టుకోవద్దని చినబాబు అన్నాడట. చినబాబు మాట ఒక వంక. అసలు సంగతి, ముందు వాళ్ళు అడగాలని మేము, మేము అడగాలని వాళ్ళు. పొద్దున్న అన్నదమ్ములిద్దరూ ఒకే వేళకి చెరో తలుపు తీసుకుని బయటికి వచ్చి, "ఏరా" అంటే "ఏటన్నా" అనుకుని ఎవరి దారిన వాళ్ళు పోయేవారు. షీబా నెత్తళ్ళ గిన్నె నా దగ్గరే ఉండిపోయింది. తిరిగివ్వాలంటే దాని గుమ్మం ఎక్కాలి. ఎక్కలేదు.

అత్త రోజంతా అరుగు మీదే. పగలు కుర్చీ, రాత్రి మంచం. భోజనం ఒక పూట నేను, ఒక పూట షీబా అక్కడికే పట్టుకెళ్ళేవాళ్ళం. తిన్నాక నేను కంచం తీస్తూ, "పొద్దున్న ఏటి పెట్టింది? ఏటన్నాది?" అని అడగడం మానలేదు.

తొలకరి ఆ ఏడు ఈదురుగాలితో దిగింది. సాయంత్రం, ఇంకా చీకటి పడలేదు. జల్లు అరుగంతా తడిపేస్తోంది. నేను ముందే తెలివిగా నా మిషను జరిపి, అత్త మంచానికి చోటు చేసి, ఉతికిన దుప్పటి తీసి ఉంచాను. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. బయట మంచం ఈడుస్తున్న చప్పుడైంది. వెళ్ళి చూస్తే బెన్హర్ మంచాన్ని ఆ కొత్త తలుపులోంచి లోపలికి దూరుస్తున్నాడు. వెనకాల అత్త, బైబిలు కొంగులో దాచుకుని.

"అత్తా, అటేపేటి? ఇక్కడ నీకు సోటు సేసినాను కదా!"

అత్త ఆగింది. కోపం లేదు ఆవిడ మొహంలో. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది.

"ఆ ఇంట్లో నన్ను ఏటీ అడగరే."

లోపలికి వెళ్ళిపోయింది.

నేను ఏడిచే మనిషిని కాను. నాకు కోపమే వస్తుంది. ఆ పూట రెండూ కలిసి వచ్చాయి. దుప్పటి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఏం తప్పుగా అడిగాను? ఏం వండింది అనడం తప్పా? ఆ షీబా ఏం నూరిపోసిందో, ఏం పెట్టి మంచి చేసుకుందో! ఇలా అనుకుంటూనే ఉన్నాను, దీపాలవేళ అయింది. ఇల్లు ఇంత పెద్దదని నాకెప్పుడూ తెలీదు. గోడ అవతల వాళ్ళు పాడుతున్నారో లేదో, ఒక్క ముక్క ఇటు రావడం లేదు.

లేచి, మూలన ఉన్న నెత్తళ్ళ గిన్నె తీసుకున్నాను. అడిగితే గిన్నె ఇవ్వడానికి వచ్చాననొచ్చు. ఊరికే ఖాళీ గిన్నె ఇవ్వకూడదు, నాలుగు అరిసెలు వేశాను. అరుగు మీద జల్లు కొడుతోంది. వాళ్ళ తలుపు దగ్గరికేసి ఉంది. ఎమ్మెల్యే మొహం తడిసి ఒక చెంప ఊడి వేలాడుతోంది. తలుపు సందులోంచి అత్త గొంతు వినపడింది, మొదటి పాదం. పాడి, అలవాటు ప్రకారం ఆగింది.

షీబా అందుకోలేదు.

వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. అత్త ఎదురుచూస్తోంది. ఎందుకు ఊరుకుందో ఆ పిల్ల, నా అడుగుల చప్పుడు విని కావాలనే నాకు వదిలిందో, నోట్లో అన్నం ముద్దే ఉందో నాకు ఇప్పటికీ తెలీదు. అడగలేదు.

చేతిలో గిన్నెతో, సగం తడిసి, గుమ్మం బయటే నిలబడి రెండో పాదం నేనెత్తుకున్నాను. మూడో పాదానికి లోపల నుంచి అందరూ కలిశారు.

పాట అయ్యేదాకా ఎవరూ నన్ను లోపలికి రమ్మనలేదు. అయ్యాక తలుపు తెరుచుకుంది. షీబా గిన్నె అందుకుని, కింద ఇంకో పీట వేసింది.